రూతమ్మకు దొరికిన ఆదివారం

రూతమ్మకు డెన్మార్క్ అంటే ఒక నీలం రంగు బిస్కెట్ల డబ్బా. బిస్కెట్లు పిల్లలు తిన్నారు, డబ్బా రూతమ్మకు మిగిలింది. అందులో సూదీ దారం, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు, వాడేసిన ఫోన్ కార్డులు దాచుకునేది. కువైట్‌లోని ఎగైలాలో, తను పనిచేసే ఇంటి వంటగది పక్కన ఆమెకిచ్చిన చిన్న గదిలో, మంచం కింద, ఆరేళ్ళుగా ఆ డబ్బా ఉంది. అలాంటిది 2004 జూలైలో ఒక పొద్దున మామా వంటగది గుమ్మంలో నిలబడి, "రూత్, నీకు కూడా వీసా వచ్చింది. డెన్మార్క్ వెళ్తున్నాం. సూట్‌కేసులు దించు" అనేసరికి, తరుగుతున్న ఉల్లిపాయ సగంలోనే ఆగిపోయింది.

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. కువైట్ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళంతా అలాగే పిలుస్తారు. ఆవిడ భర్త బాబా, అహ్మదీలో చమురు కంపెనీలో పెద్ద ఇంజనీరు. పిల్లలు ఇద్దరు ఆడపిల్లలు: పదేళ్ళ దానా, మూడేళ్ళ షేఖా. ప్లాస్టిక్ ఇటుకలతో ఊళ్ళకు ఊళ్ళు కట్టిన ఒక పార్కు ఆ దేశంలో ఉందట, అది చూడాలని దానా ఏడాదిగా ప్రాణం తీస్తోంది. పిల్లలుంటే పిల్లల బండి ఉంటుంది, బండి ఉంటే తోసే మనిషి ఉండాలి. రూతమ్మకు వీసా వచ్చింది అందుకే, ఆమె మొహం చూసి కాదు. అయితేనేం? ఆ పూటంతా ఆమె కాలు ఒకచోట నిలవలేదు. ఇంట్లో ఫోను ఖాళీ కాగానే ఫర్వానియాలో నర్సుగా చేసే ప్రిస్కిల్లాకు చేసింది. ఇద్దరికీ ఇక్కడే పరిచయం, ఇక్కడే వదిన వరస.

"డెన్మార్కా!" అంది ప్రిస్కిల్లా. ఆమెది భీమవరం, మాటకు ముందు నవ్వొస్తుంది. "ఓరి నాయనో, ఎంత అదృష్టం వదినా నీది! అక్కడ ఊరూరా గుళ్ళే. అందులోనూ మన లూథరన్ గుళ్ళే. రాణిగారు కూడా మన సంఘమేనంట. నువ్వు లోపలికెళ్ళి కూర్చుంటే చాలు, భాష రాకపోయినా ఆరాధన క్రమమంతా నీకు తెలిసిపోద్ది."

రూతమ్మ ఫోను పెట్టేసి, కదలకుండా అక్కడే నిలబడింది.

ఎందుకో చెప్పాలి. రూతమ్మది దివిసీమ. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వాళ్ళ ఊరు. భర్త సీమోను అక్కడ రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు, కూతురు నిస్సీ అవనిగడ్డలో ఇంటరు చదువుతోంది. తాత ముత్తాతల నుంచి లూథరన్ సంఘం వాళ్ళు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రూతమ్మ ఒక్క ఆరాధన మానలేదు, నెలకోసారి అప్పమూ ద్రాక్షరసమూ ఇచ్చే రాత్రి భోజన సంస్కారం మానలేదు. కువైట్ వచ్చాక ఆరేళ్ళుగా గుడి గడప తొక్కలేదు. ఇక్కడ ఆదివారం అందరికీ పనిరోజు. అందుకని కువైట్ సిటీలో ఉన్న చర్చి కాంపౌండులో తెలుగువాళ్ళ ఆరాధన సెలవురోజైన శుక్రవారం జరుగుతుంది. ప్రిస్కిల్లా వెళ్ళేది అక్కడికే. శుక్రవారమంటే గుడి, గుడి అంటే శుక్రవారం. తీరా చూస్తే మామా ఇంట్లో వారం మొత్తానికీ నడుం విరిగే పని ఆ శుక్రవారమే. బాబా అన్నదమ్ములూ, వాళ్ళ పెళ్ళాలూ, పిల్లలూ, మామా అత్తగారు ముసలమ్మా, అంతా కలిపి ఇరవై ఇద్దరు భోజనానికి వస్తారు. పెద్ద గంగాళంలో మాంసం వేసి వండే అన్నం, మజ్‌బూస్ అంటారు దాన్ని, అది వండాలి, వడ్డించాలి, గిన్నెలు తోమాలి.

మొదటి ఏడాది గుడికి వెళ్తానని రెండుసార్లు అడిగింది. "శుక్రవారమా? మతి ఉందా? ఎప్పుడైనా వెళ్దువుగానిలే, ఇన్షా అల్లా" అంది మామా రెండుసార్లూ. ఆ తర్వాత రూతమ్మ అడగడం మానేసింది. మామా చెడ్డమనిషేం కాదు. ఒకటో తారీఖు వచ్చేసరికి జీతం చేతిలో పెడుతుంది, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. కానీ అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టని చోట ఇంక అడిగేదేముంది అనుకుని రూతమ్మ నోరు కుట్టేసుకుంది.

ఇప్పుడు మాత్రం ఆశ పుట్టింది. ఆ ఊళ్ళో ముసలమ్మ లేదు, అన్నదమ్ములు లేరు, గంగాళం లేదు. ఒక్క పూట గుడిలో కూర్చుని సంస్కారం తీసుకోవాలి. అంతే, ఇంకేం వద్దు. పిల్లల స్వెట్టర్ల అడుగున, ఎవరికీ కనపడకుండా, తన తెల్లచీర మడతపెట్టి సర్దింది. సంస్కారానికి తెల్లచీర లేకుండా ఎలా?

విమానం సంగతీ, ఇటుకల పార్కు సంగతీ చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. పార్కులో మూడు రోజులు రూతమ్మ బండి తోసింది, బూట్ల లేసులు కట్టింది, షేఖా తప్పిపోతే వెతికి పట్టింది. నాలుగో రోజు గురువారం. ఆరోజు మధ్యాహ్నం గంటసేపు వ్యానులో ప్రయాణం చేసి రీబె అనే ఊరు చేరుకున్నారు. ఆ దేశంలో అన్నిటికంటే పాత ఊరు అదేనని బాబా పుస్తకంలో చదివాడు. అప్పట్లో కువైట్ వాళ్ళకు వీకెండంటే గురు, శుక్రవారాలు. డెన్మార్క్ వాళ్ళకు శని, ఆదివారాలు. బాబా తెలివిగా రెంటినీ కలిపేసి, గురువారం నుంచి ఆదివారం పొద్దుటిదాకా అక్కడ ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. వీకెండంటే అదీ!

వ్యాను దిగగానే రూతమ్మ కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. ఊరంతా బొమ్మరిల్లంత చిన్న చిన్న ఇళ్ళు, మధ్యలో ఎర్ర ఇటుకల గోపురం, ఆకాశాన్ని పొడిచేంత ఎత్తు. "షూఫ్, రూత్! చూడు, చూడు!" అని దానా చెయ్యి పట్టుకుని లాగుతోంది. రూతమ్మ చూస్తూనే ఉంది. గుడి! ఇంత గుడి ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ఆ సాయంత్రం సామాను సర్దేసి, మామా కాఫీ తాగుతూ హాయిగా ఉన్నప్పుడు, రూతమ్మ గుండె దిటవు చేసుకుంది. "మామా, రేపు శుక్రవారం. రెండు గంటలు గుడికి పోయొస్తా."

మామా మంచి హుషారులో ఉంది. ఇక్కడ అత్తగారు లేరు మరి. "వెళ్ళు. పిల్లలు లేచేది పదింటికి. తొమ్మిది నుంచి పదకొండు దాకా వెళ్ళు. ఖలాస్" అంది.

ఎగిరి గంతేయలేదంటే వయసు అడ్డొచ్చి.

శుక్రవారం పొద్దున తెల్లచీర కట్టింది. దానిమీద మామా పాత ఉన్నికోటు, మోకాళ్ళ దాకా. కాళ్ళకు మేజోళ్ళు, మేజోళ్ళ మీద చెప్పులు. అద్దంలో చూసుకుని తనకే నవ్వొచ్చింది గానీ, దేవుడు కోటు చూస్తాడా ఏంటి అనుకుని బయల్దేరింది. ఆ గుడికి మెట్లెక్కి వెళ్ళరు, మెట్లు దిగి వెళ్తారు. ఎనిమిది వందల ఏళ్ళలో చుట్టూ ఊరు పెరిగి ఎత్తయింది, గుడి మాత్రం తన పాత నేల మీద తను ఉండిపోయింది. రూతమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కోటు విప్పి చేతిమీద వేసుకుని, కొంగు తలమీదికి లాక్కుని, తమ ఊళ్ళో ఆడవాళ్ళు కూర్చునేలా ఎడమపక్కన మొదటి బల్లమీద కూర్చుంది. ఎదురుగా బలిపీఠం వెనక గోడ నిండా రంగురంగుల బొమ్మలు, మన దానాకి రంగులిచ్చి గోడ అప్పగిస్తే వేసేలాంటివి. అంత పాత గుడిలో ఆ పిల్లచేష్ట చూసి ఆమెకు ముచ్చటేసింది. కాళ్ళ కింద బండ మంచుగడ్డలా చల్లగా ఉంది.

తొమ్మిదిన్నరయింది. ఎవరూ రాలేదు. అవును, ఏ ఊళ్ళోనైనా మొదటి గంటకు వచ్చేవాళ్ళెవరు? ఒకడు లోపలికొచ్చాడు. పాస్టరుగారేమోనని రూతమ్మ సగం లేచింది. వాడు గోడ ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంకొకాయన పక్క తలుపులోంచి వచ్చాడు. ఈసారి పూర్తిగా లేచి నిలబడింది. ఆయన నేల ఊడ్చే మిషను లాక్కుంటూ వెనక్కి పోయాడు. పదైంది. పదింబావయింది. టూరిస్టులు వస్తున్నారు, పోతున్నారు, కొందరు ఫొటోల్లో రూతమ్మను కూడా ఇరికించుకుంటున్నారు.

చివరికి తెల్లజుట్టు పొడుగాటి మనిషొకాయన ఆమె దగ్గరకొచ్చాడు. గోపురమెక్కే టికెట్లు అమ్మేదీ, గుడి తాళాలు చూసుకునేదీ ఆయనే. రెండు వేళ్ళతో రూతమ్మ చెప్పుల్ని పట్టుకొచ్చాడు. ఎవరో పారేసుకున్నారని ఆయన కంగారు.

"మీవేనా?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఎస్ సార్. పాస్టర్ కమింగ్? ప్రేయర్?"

"ప్రేయరా? ఇవాళ ఫ్రైడే కదమ్మా."

"ఎస్ సార్! ఫ్రైడే!" అంది రూతమ్మ సంబరంగా.

ఆయన అయోమయంగా చూసి, గోడమీద కాగితం దగ్గరకు తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించాడు. "సండే. టెన్ ఓ క్లాక్."

సండే! నెత్తిన కుండెడు నీళ్ళు కుమ్మరించినట్టయింది. ముప్పై ఏళ్ళు ఆదివారం గంట వినగానే పరిగెత్తిన మనిషి, తీరా ఆరేళ్ళలో ఆదివారమన్న సంగతే మర్చిపోయింది! లోకమంతా గుడికి ఆదివారం పోతుంటే, తను కువైట్ శుక్రవారాన్ని సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడిదాకా మోసుకొచ్చింది. రూతమ్మ నుదురు కొట్టుకుంది. అంతలోనే పక్కున నవ్వింది. నవ్వు ఆగేసరికి అసలు సంగతి తట్టి మొహం వాడిపోయింది. ఆదివారం పదింటికే వ్యాను వస్తుంది. విమానం రెండున్నరకు. ఉన్న సెలవు కాస్తా వాడేసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఇల్లు చేరేసరికి ఇక్కడ ఇంకో గొడవ. నడిచి వెళ్ళేంత దూరంలో మసీదు లేదని తెలిసి బాబా గదిలోనే నమాజు చేసుకున్నాడు. భోజనం దగ్గర కూర్చున్నాడే గానీ ముద్ద దిగడం లేదు. "పన్నెండేళ్ళప్పటి నుంచి శుక్రవారం జుమా నమాజు తప్పలేదు నేను. ఇదే మొదటిసారి" అన్నాడు.

"ముసాఫిర్‌వి కదా. ప్రయాణంలో ఉన్నవాడికి తప్పులేదు, అల్లా మాఫీ చేస్తాడు" అని మామా సముదాయించింది. బాబా తల ఊపాడు గానీ ప్లేటు పక్కకు నెట్టేశాడు. రూతమ్మ ఆ ప్లేటు తీసుకుని వంటగదిలోకి పోయింది. ఏదో అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

శనివారం మాత్రం బాధపడడానికి తీరికేదీ? ఊరు చూడ్డానికి బయల్దేరారు. ఆ ఊరి వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచిన వీధులు, బండి చక్రం రాయి రాయికీ ఇరుక్కుంటుంది. నాలుగు వీధులు తిరిగేసరికి రూతమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. షేఖా మాత్రం ఎగిరిపడినప్పుడల్లా కిలకిలా నవ్వి "ఇంకోసారి!" అంటోంది. ఇళ్ళు చూస్తే చెక్క దూలాల మధ్య ఇటుకలు పేర్చి కట్టినవి. కొన్ని ముందుకు వాలిపోయి, ఎదురింటితో రహస్యం చెప్తున్నట్టున్నాయి. నాలుగు వందల ఏళ్ళుగా అలాగే వాలి ఉన్నాయట, పడిపోవట. ప్రతి గుమ్మం పక్కనా మనిషెత్తు మొక్కలకు ఎర్రవీ పసుపువీ పూలు. దగ్గరకెళ్ళి చూస్తే అచ్చం బెండపువ్వు! రూతమ్మ వంగి ఆకుల కింద కాయ కోసం వెతికింది. ఆ ఇంటి ముసలావిడ కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే, దొంగలా బండి తోసుకుంటూ వచ్చేసింది. దానా నవ్వలేక చచ్చింది.

గోపురం కూడా ఎక్కారు, రెండువందల చిల్లర మెట్లు. మామా సగంలో కూర్చుండిపోయింది. రూతమ్మ షేఖాను చంకనేసుకుని చివరిదాకా ఎక్కింది. పైనుంచి చూస్తే చుట్టూ బల్లపరుపు నేల, పచ్చగా, ఒక్క గుట్ట లేదు. దూరాన సముద్రపు గీత. "మా దివి!" అని పైకే అనేసింది. నిజంగానే కొబ్బరిచెట్లు నాటితే దివిసీమే.

ఏటి ఒడ్డున పడవల రేవు దగ్గర ఒక కొయ్య స్తంభం ఉంది, దానికి రింగులు. సముద్రం పొంగి ఊరిమీద పడ్డప్పుడల్లా నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో గుర్తుకు ఒక్కో రింగు తొడిగారు. బాబా బోర్డు చదివి పిల్లలకు చెప్పాడు. అన్నిటికంటే పైది దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందటిదట. దానా చెయ్యెత్తింది, అందలేదు. బాబా ఎత్తాడు, ఆయనకూ అందలేదు.

"మా ఊళ్ళో ఇంతకంటే ఎత్తు వచ్చినయి" అంది రూతమ్మ.

అందరూ ఆమె వంక తిరిగారు. ఆమెకొచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. ఉప్పూ కారం గురించి చెప్పడానికి సరిపోతుంది, ఉప్పెన గురించి చెప్పడానికి చాలదు. అయినా చెప్పింది. అప్పటికి తనకు తొమ్మిదేళ్ళు. సముద్రం గోడలా లేచి వచ్చింది. ఊళ్ళో గట్టి కట్టడం గుడి ఒక్కటే. అమ్మ తనను గుడి కిటికీ ఊచలకు చీరతో కట్టేసింది. పొద్దుటికి తనూ అమ్మా ఉన్నారు, నాన్నా తమ్ముడూ లేరు. దానా ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. అక్కణ్ణుంచి ఇంటిదాకా బండి మామాయే తోసింది.

సాయంత్రం ఎనిమిదింటికి మళ్ళీ ఒక వింత. పాతకాలపు తలారి వేషంలో ఒక మనిషి, పొడుగాటి కోటు, చేతిలో బల్లెం, రెండో చేతిలో లాంతరు, వీధి వీధికీ ఆగి పాట పాడుతూ పోతుంటే జనమంతా వెనకాల. వేసవి ఎండ ఇంకా ఫెళ్ళుమని కాస్తోంది. పట్టపగలు లాంతరేంట్రా బాబూ అని రూతమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మా ఊళ్ళో తలారి మస్తానుకు ఇది చూపించాలి!" ఎన్నాళ్ళయింది అంత నవ్వి!

ఇంటికొచ్చి భోజనాలకు కూర్చున్నారు. ఆ రోజంతా పోగైన హుషారు బాబాలో కూడా కనిపించింది. అంతలో మళ్ళీ అదే మాట. "అన్నీ బాగున్నాయి, కానీ నిన్న జుమా పోయింది. ఇక్కడ ఏదో లోటు" అని గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. "ప్రయాణంలో ఉన్నవాడికి మాఫీ అని చెప్పాను కదా" అంది మామా.

అన్నం వడ్డిస్తున్న రూతమ్మ గరిట ఆపింది.

"నేను కూడా ప్రయాణంలోనే ఉన్నానా మామా?"

"ఏంటి?"

"బాబాకు ఒక్క జుమా పోయింది, రెండు రోజులుగా ముద్ద దిగటంలా. నాకు ఆరేళ్ళ జుమాలు పోయినయి. నేను మూడు పూటలా తింటానే ఉన్నా. నా జుమా ఇక్కడ రేపు పదింటికి. నిన్న నేను పోయింది తప్పు రోజు, నా పొరపాటే. రేపు గుడికి పోవాల మామా."

అనేసింది. మామా మొహం ఎర్రబడింది. "రూత్!" అని లేవబోయింది. బాబా చెయ్యెత్తి ఆపాడు.

"ఆరేళ్ళా?" అన్నాడు.

"ఆరేళ్ళు బాబా."

ఆయన తలొంచుకున్నాడు. ప్రతి శుక్రవారం మసీదు నుంచి రాగానే పొగలు కక్కే మజ్‌బూస్ టేబుల్ మీద ఉండేది. అది ఎవరు ఏం వదులుకుంటే వచ్చిందో, ఈ పెద్దమనిషి ఆరేళ్ళలో ఒక్కసారి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాడు, అది ఆయన మంచితనం. లేచి ఫోను తీసుకుని వ్యానువాడితో మాట్లాడి, పదింటి బండిని పదకొండుంబావుకు మార్చాడు. "పదకొండుంబావు, రూత్. అంతకంటే ఒక్క నిమిషం ఆగినా విమానం పోతుంది" అన్నాడు. మామా ఆ రాత్రి రూతమ్మతో మాట్లాడలేదు.

ఆదివారం గంటలు మోగాయి. అబ్బ, ఏం మోగాయి! కిటికీ అద్దాలు ఒణికాయి. సూట్‌కేసులన్నీ గుమ్మం దగ్గర వరసగా పెట్టేసి రూతమ్మ తెల్లచీరలో పరిగెత్తింది. ఈసారి గుడినిండా జనం ఉన్నారని చెప్తే అబద్ధం. నలభై మంది ఉంటారేమో, అంతా నెరిసిన తలలే. అంత పెద్ద గుడికి నలభై మందేనా అని ఆమెకు కోపం కూడా వచ్చింది. మా ఊళ్ళో అయితే కిటికీలకు వేలాడతారు!

పాస్టరుగారు వచ్చారు. ఆడమనిషి! నల్లటి అంగీ, మెడచుట్టూ తెల్లటి చుట్టకుదురు లాంటిది. ఆ కుదురు మీద బిందె పెడితే కదలకుండా నిలుస్తుంది. రూతమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఆరాధన మొదలైంది. ఒక్క మాట అర్థం కాలేదు. కానీ ప్రిస్కిల్లా చెప్పింది అక్షరాలా నిజం. ఇది పాపపు ఒప్పుకోలు, ఇది సువార్త, ఇది విశ్వాస ప్రమాణం. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో ఒళ్ళే చెప్తోంది. ఒకచోట అందరికంటే ముందే లేచి నిలబడింది, పక్క ముసలాయన ఆమెను చూసి లేచాడు. వాళ్ళు వాళ్ళ భాషలో చెప్తుంటే తను తెలుగులో గట్టిగా "పరలోకమందున్న మా తండ్రీ" చెప్పింది. ఎవరూ తిరిగి చూడలేదు.

ప్రసంగం మాత్రం ఏ దేశంలోనైనా ప్రసంగమే. సాగుతోంది, సాగుతోంది. పదకొండు కావస్తోంది. అమ్మా తల్లీ, త్వరగా కానియ్యమ్మా, నీకు పుణ్యముంటది! రూతమ్మ చూపు గడియారం మీదే. పదకొండు దాటాక ఆమెన్ వినిపించింది. పదకొండూ పదికి బల్ల సిద్ధమైంది. జనం లేచి నెమ్మదిగా కదిలారు, ముసలి మోకాళ్ళు మరి. రూతమ్మ వరసలో నిలబడింది. ముందు ఇంకా పన్నెండు మంది.

వెనకనుంచి టకటకా బూట్ల చప్పుడు. దానా. "రూత్! యల్లా! వ్యాను వచ్చింది. మామా పిలుస్తోంది!" గుసగుసలాడాననుకుంటోంది, గుడంతా వినిపించింది. తెల్లజుట్టాయన వెనక బల్లలోంచి తిరిగి చూశాడు.

రూతమ్మ దానా వంక చూసింది. తలుపు వంక చూసింది. పదకొండుంబావయింది. విమానం, మామా కోపం, కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కార్డు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"రెండు నిమిషాలని చెప్పు" అంది. ఆరేళ్ళలో మామాకు ఆమె పంపిన మొదటి కబురు అదే.

దానా పరిగెత్తింది. రూతమ్మ మోకరించింది. నాలుకమీద పల్చటి అప్పం, చిన్న కప్పులో గుక్కెడు ద్రాక్షరసం. చుట్టకుదురు పాస్టరమ్మ ఆమె కళ్ళలోకి చూసి ఏదో చెప్పింది. దాని అర్థం రూతమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. "నీ నిమిత్తము." ఊళ్ళో పాస్టరుగారు అప్పం ఇస్తూ అనే మాటే. కళ్ళనీళ్ళు ధారకట్టాయి, తుడుచుకోలేదు. ఏడుపు కాదది, సంతోషం. పొంగి వచ్చిన సంతోషం.

విమానం పోలేదు. వ్యానులో దారిపొడుగునా మామా కిటికీలోంచి బయటికే చూసింది. బాబా మాత్రం వెనక్కి తిరిగి, "మబ్రూక్ రూత్" అన్నాడు, శుభం అని.

కువైట్ వచ్చాక మొదటి శుక్రవారం. రూతమ్మ నాలుగింటికే లేచింది. ఇరవై ఇద్దరికి మజ్‌బూస్ దమ్ము మీద పెట్టింది. సలాడు కోసి ఫ్రిజ్‌లో పెట్టింది, పళ్ళేలు వరసగా పేర్చింది. ఏడున్నరకు తెల్లచీర కట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడింది. మామా నిద్రకళ్ళతో కాఫీకి వచ్చి, ఆగిపోయింది.

"ఎక్కడికి?"

"గుడికి మామా. అన్నీ చేసిపెట్టా. ఒంటిగంటకు వచ్చి వడ్డిస్తా."

"ఇదేమన్నా డెన్మార్క్ అనుకున్నావా?"

"కాదు మామా. డెన్మార్కైతే ఆదివారం. ఇక్కడ శుక్రవారం."

మామా ఆమె వంక చూసింది. గంగాళం మూత ఎత్తి చూసింది. గరిటతో కొంచెం తీసి నోట్లో వేసుకుంది. మూత మళ్ళీ పెట్టేసింది. మేడమీద బాబా జుమా స్నానానికి కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఒంటిగంట" అంది మామా. "ఒక్క నిమిషం ఆలస్యమైనా ఊరుకోను."

ఆ మాట పూర్తయ్యేసరికి రూతమ్మ గేటు దాటింది. జూలై ఎండ అప్పుడే నిప్పులు చెరుగుతోంది. బస్టాపు దాకా పరుగే. రోడ్డు పక్క ఫోను బూతులో ఆగి ప్రిస్కిల్లాకు చేసింది, ఆయాసంతో మాట సరిగ్గా రాలేదు.

"వదినా! నీ పక్కన నాకు చోటు పట్టు. వస్తన్నా!"